ఎక్కడ కూర్చుని పనిచేయాలి?

ప్లేస్‌మెంట్ల సీజన్ మొదలైందంటే జూనియర్ల నుంచి నాకు వచ్చే మెసేజుల్లో రెండు ప్రశ్నలు తప్పకుండా ఉంటాయి. ఒకటి, ప్యాకేజీ ఎంత? రెండోది, "అక్కా, వర్క్ ఫ్రమ్ హోమ్ ఇస్తారా?" మొదటిదానికి ఒక అంకె చెప్పేస్తే సరిపోతుంది. రెండోదానికి మాత్రం అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. ఇంటి నుంచి పని కొందరికి వరం, కొందరికి శిక్ష. అంతెందుకు, ఒకే మనిషికి ఒక ఏడాది వరంలా ఉన్నది మరో ఏడాది శిక్షలా అనిపించొచ్చు. అందుకే ఈసారి మన ఈ-పత్రిక వాళ్ళు ఏదైనా రాయమంటే, విడివిడిగా అందరికీ టైప్ చేస్తున్న జవాబునే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి. మాది కృష్ణదేవిపేట. కేడీపేట అంటే మా చుట్టుపక్కల అందరికీ తెలుసు. గొలుగొండ మండలం, నర్సీపట్నం దగ్గర. నేను చదువుకునేటప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లా. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న ఊరు అంటే మీకు వెంటనే తెలుస్తుంది. ఆ ఊరి నుంచి 2021లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. దాదాపు ఏడాదిన్నర మా ఇంట్లోంచే పనిచేశాను. తర్వాత హైదరాబాద్‌లో వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు వెళ్ళాను. ఇప్పుడు వైజాగ్‌లో హైబ్రిడ్‌లో ఉన్నాను. మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు. మూడు నీళ్ళూ తాగాను కాబట్టి రుచి చెప్పగలను.

ఇన్నాళ్ళలో నాకు అర్థమైంది ఇదీ. మూడింటిలో ఏది మంచిది అని అడిగితే జవాబు దొరకదు. ప్రస్తుతం నా దగ్గర ఏది తక్కువగా ఉంది అని అడిగితే దొరుకుతుంది. సమయమా, నేర్చుకునే అవకాశమా, మనుషులా? పనిచేసే చోటు ఈ మూడింటిలో ఒకటి ఇచ్చి ఇంకోటి తీసుకుంటుంది. మూడూ ఒకేసారి ఇచ్చే చోటు నాకైతే ఇంతవరకూ కనిపించలేదు.

పేర్లు మూడే, అర్థాలు చాలా

రిమోట్ అంటే ఆఫీసుకు వెళ్ళకుండా పనిచేయడం. ఇందులో కూడా తేడాలున్నాయి. "ఎక్కడి నుంచైనా చేసుకోండి" అనేది ఒక రకం. "ప్రస్తుతానికి ఇంటి నుంచి చేయండి, పిలిచినప్పుడు రావాలి" అనేది ఇంకో రకం. రెండో రకాన్ని మొదటి రకం అనుకుని ఊళ్ళో ఇల్లు బాగుచేయించుకున్న వాళ్ళున్నారు. ఆఫీసు అంటే రోజూ వెళ్ళడం, అందులో పెద్ద తికమక లేదు.

అసలు తికమకంతా హైబ్రిడ్‌తోనే. వారానికి మూడు రోజులు అనేవాళ్ళు, నెలకు పది రోజులు అనేవాళ్ళు, మూడు నెలలకోసారి వారం రోజులు వస్తే చాలు అనేవాళ్ళు, అందరూ వాడే మాట హైబ్రిడ్డే. ఉదాహరణకు 2023 నవంబర్‌లో విప్రో వారానికి మూడు రోజులు రమ్మంది. దాదాపు అదే సమయంలో ఇన్ఫోసిస్ కొన్ని స్థాయిల ఉద్యోగులను నెలకు పది రోజులు రమ్మంది. వినడానికి రెండూ ఒకేలా ఉన్నాయి కదా! కానీ కేడీపేట లాంటి ఊరివాళ్ళకు ఈ తేడా చాలా పెద్దది. నెలకు పది రోజులైతే, ఆ రోజులు వరసగా పెట్టుకోనిస్తే, నెలలో సగానికి పైగా ఇంట్లో ఉండొచ్చు. వారానికి మూడు రోజులంటే నగరంలో గది తీసుకోక తప్పదు. కాబట్టి హైబ్రిడ్ అనగానే సంతోషపడకుండా, ఎన్ని రోజులు, ఏ రోజులు, ఎవరు నిర్ణయిస్తారు అని మూడూ అడగండి.

ఈ కథ ఎక్కడ మొదలైంది

ఇంటి నుంచి పని అనేది కరోనాతో పుట్టింది అనుకుంటాం గానీ, ఆలోచన పాతదే. 1973లోనే అమెరికాలో జాక్ నిల్స్ అనే ఇంజనీరు దీనికి టెలికమ్యూటింగ్ అని పేరు పెట్టాడు. ఉద్యోగులందరినీ రోజూ నగరం నడిబొడ్డుకు రప్పించే బదులు, పనినే వాళ్ళ దగ్గరికి పంపితే రోడ్ల మీద రద్దీ, పెట్రోలు ఖర్చు తగ్గుతాయి కదా అన్నది ఆయన వాదన. అదే ఏడాది చివర్లో చమురు సంక్షోభం వచ్చింది కాబట్టి ఆ మాట కొంత చెవికెక్కింది. అయినా దాదాపు యాభై ఏళ్ళ పాటు అది కొద్దిమందికే పరిమితమైంది. 2020 మార్చి 25న మన దేశంలో లాక్‌డౌన్ మొదలయ్యాక, కొన్ని వారాల్లోనే లక్షల మంది ఐటీ ఉద్యోగుల లాప్‌టాప్‌లు సొంత ఊళ్ళకు చేరాయి. యాభై ఏళ్ళలో జరగనిది రెండు నెలల్లో జరిగింది.

ఆ వేడిలో పెద్ద మాటలు కూడా వినిపించాయి. 2025 నాటికి తమ ఉద్యోగుల్లో 25 శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని 2020లో టీసీఎస్ ప్రకటించింది. అదే సంస్థ 2023 అక్టోబర్ నుంచి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. అమెజాన్ 2025 జనవరి నుంచి కార్పొరేట్ ఉద్యోగులను ఐదు రోజులూ రప్పించింది. తప్పు ఎవరిదని తేల్చడానికి ఇది చెప్పడం లేదు. కంపెనీకి ఆ రోజున ఏది లాభమో అది చేస్తుంది. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. పనిచేసే చోటు గురించి ఇచ్చిన మాట పాలసీయే తప్ప శాశ్వత హక్కు కాదు. ఆ మాటను నమ్ముకుని ఇరవై ఏళ్ళ హోమ్ లోన్ తీసుకునే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఇంటి నుంచి పని: మా ఊళ్ళో ఏం జరిగింది

ముందు మంచి చెప్పుకోవాలి. గది అద్దె లేదు, మెస్ బిల్లు లేదు. మొదటి జీతం నుంచే పొదుపు చేయగలిగాను, చదువు కోసం తీసుకున్న అప్పు త్వరగా తగ్గింది. పొద్దున్నే లేచి చల్లగాలిలో నడవడం, అమ్మ చేతి అన్నం, సాయంత్రం నాన్నతో జీడితోట దాకా వెళ్ళి రావడం, వీటికి లెక్క కట్టలేం. అమ్మకు మోకాళ్ళ నొప్పి ఎక్కువైన రోజుల్లో నర్సీపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి నేను ఊళ్ళోనే ఉన్నాను. ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఇబ్బందులు. మొదటిది కరెంటు, ఇంటర్నెట్. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్‌లో ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్నారు. ఇంత చవగ్గా ఎలా సాధ్యమైంది? భూమి తవ్వి కేబుల్ వేయకుండా, ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగారు. తవ్వకం ఖర్చు మిగిలింది, పల్లెలకు త్వరగా చేరింది. తెలివైన ఆలోచనే. కానీ దీనిలో ఒక మెలిక ఉంది. కొండల మీంచి ఈదురుగాలి వచ్చి ఒక చెట్టు కొమ్మ విరిగి తీగల మీద పడిందంటే కరెంటూ పోతుంది, అదే స్తంభం మీదున్న ఇంటర్నెట్టూ పోతుంది. రెండూ ఒకే దెబ్బకు పోయే ఏర్పాటును ఇంజనీర్లం ఏమంటామో మీకు తెలుసు. కాబట్టి ఊరి నుంచి పనిచేయాలంటే ఇన్వర్టర్ ఒకటి, స్తంభాలతో సంబంధం లేని రెండో కనెక్షన్ ఒకటి తప్పనిసరి. రెండో కనెక్షన్‌గా నేను మొబైల్ డేటా వాడేదాన్ని. మా ఇంట్లో సిగ్నల్ బాగా అందే చోటు డాబా మెట్ల మలుపు. వానాకాలంలో చాలా మీటింగులకు అదే నా కాన్ఫరెన్స్ రూమ్.

రెండో ఇబ్బంది గడియారంతో వచ్చింది. అమెరికా తూర్పు తీరంలో పొద్దున తొమ్మిదింటి మీటింగ్ అంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. నవంబర్‌లో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకుంటారు, ఇక్కడ మన అన్నం వేళ ముందుకు జరుగుతుంది. ఆఫీసులో ఉంటే ఇలాంటి రోజు మధ్యాహ్నం నుంచి మొదలైందని అందరికీ అర్థమవుతుంది. ఇంట్లో ఉంటే పగలంతా ఖాళీ అనే అనుకుంటారు. పగలు ఇంటి పని, రాత్రి ఆఫీసు పని.

మూడోది, నా దృష్టిలో అన్నింటికంటే పెద్దది, ఇదే. "పిల్ల ఇంటికాడే ఉంటంది, ఉజ్జోగం పోనాదేటి?" అని మా వీధిలో పెద్దలు అమ్మను అడిగేవారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఉద్యోగం అంటే పొద్దున బస్సెక్కి సాయంత్రం దిగడం అని చూస్తూ పెరిగిన వాళ్ళు. కానీ ఆ చూపు ఇంట్లోకి కూడా వస్తుంది. పాలవాడు వస్తే నేనే లేవాలి, గ్యాస్ బండ వస్తే నేనే లేవాలి, చుట్టాలొస్తే కాఫీ నేనే పెట్టాలి. అదే సమయంలో మా వీధిలో ఇంటి నుంచే పనిచేస్తున్న అబ్బాయి గది తలుపు వేసి ఉంటే, "కుర్రోడు పనిలో ఉన్నాడు, మాట్టాడకండి" అని ఇంటిల్లిపాదీ గుసగుసగా మాట్లాడుకునేవారు. లాప్‌టాప్‌లు రెండూ ఒకటే. తలుపులు మాత్రం వేరు.

ఇది మా ఒక్క వీధి సంగతి అనుకోవద్దు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు ఆ జీతం లేని పనుల మీద రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతున్నారు. అంటే దాదాపు ఐదు గంటలు. ఇంటి పనులు చేసే మగవాళ్ళు గడిపేది 97 నిమిషాలు. పైగా అసలు ఇంటి పని చేసే మగవాళ్ళే తక్కువ. ఆఫీసు ఇంట్లోకి వచ్చినప్పుడు ఈ ఐదు గంటలు ఎక్కడికీ పోవు. ఎనిమిది గంటల పని మీద వచ్చి కూర్చుంటాయి. కాబట్టి చెల్లెళ్ళూ, మీరు రిమోట్ అడిగే ముందు ఇంట్లో వాళ్ళతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. తమ్ముళ్ళూ, మీరు ఇంటి నుంచి పనిచేస్తే గ్యాస్ బండకు మీరూ లేవండి.

ఆఫీసు: రద్దీకి బదులుగా ఏమొస్తుంది

హైదరాబాద్‌లో నా హాస్టల్ నుంచి ఆఫీసుకు ఒకవైపు గంటంపావు. రోజుకు రెండున్నర గంటలు, నెలకు 22 పనిదినాలు, అంటే 55 గంటలు. ఎనిమిది గంటలను ఒక పనిదినం అనుకుంటే, నెలకు దాదాపు ఏడు రోజులు నేను జీతం లేకుండా బస్సులో, మెట్రోలో ఉద్యోగం చేశానన్నమాట. ఈ లెక్క ఎవరికి వారు తప్పకుండా వేసుకోవాలి. ప్యాకేజీలో కనిపించని కోత ఇది.

మరి అంత పోగొట్టుకుని ఏం సంపాదించాను? పక్క సీటు. నా పక్కన కూర్చున్న సీనియర్ ఒక లోపాన్ని వెతికే తీరు చూసి నేర్చుకున్నది ఏ వీడియో కోర్సులోనూ దొరకలేదు. లాగ్ ఫైల్ తెరవగానే ఆయన కళ్ళు ముందు ఎక్కడికి వెళ్తాయి, దేన్ని పట్టించుకోకుండా వదిలేస్తాడు, ఎప్పుడు లేచి టీకి వెళ్తాడు, ఇవన్నీ పాఠాలే. ఇంటి నుంచి పనిచేసేటప్పుడు ఒక చిన్న సందేహం అడగాలంటే మెసేజ్ పెట్టాలి, అవతలి మనిషి ఖాళీగా ఉన్నాడో లేడో తెలియదు, "ఇది కూడా తెలీదా అనుకుంటారేమో" అన్న మొహమాటం. పక్క సీటులో ఉంటే కుర్చీ కాస్త తిప్పితే చాలు.

దీని మీద నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పలాయిస్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికాలోని ఒక పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను పరిశీలించారు. టీమ్ అంతా ఒకే బిల్డింగ్‌లో కూర్చున్నప్పుడు, వేర్వేరు బిల్డింగుల్లో ఉన్న టీములతో పోలిస్తే, రాసిన కోడ్ మీద ఎక్కువ వ్యాఖ్యలు, సూచనలు వచ్చాయి. కరోనాకు ఆఫీసులు మూతపడగానే ఆ తేడా పోయింది. ఎక్కువ లాభపడింది కొత్తగా చేరినవాళ్ళు. ఇంకో సంగతి కూడా వాళ్ళు చూశారు. దగ్గరగా కూర్చోవడం వల్ల సీనియర్ల సొంత పని కొంత తగ్గింది. అంటే మనం నేర్చుకునే ప్రతి ముక్కకూ పక్కనున్న సీనియర్ తన సమయంతో ఖరీదు కడుతున్నాడు. అందుకే ఇంటి నుంచి పని కావాలని సీనియర్లు, ఆఫీసు మేలని కొందరు కొత్తవాళ్ళు అనడంలో వింత లేదు. ఇద్దరూ తమ తమ లెక్క సరిగానే చెప్తున్నారు.

చైనాలో చేసిన రెండు ప్రయోగాలు

ఈ విషయంలో వాదనలు చాలా ఉన్నాయి గానీ సరైన ప్రయోగాలు తక్కువ. వాటిలో రెండు స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన తోటి పరిశోధకులు చైనాలోని ఒకే ట్రావెల్ కంపెనీలో చేశారు. అప్పట్లో దాని పేరు సీట్రిప్, ఇప్పుడు ట్రిప్ డాట్ కామ్.

మొదటిది 2015లో అచ్చయింది. కాల్ సెంటర్ ఉద్యోగులను లాటరీ లాంటి పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపును తొమ్మిది నెలలు ఇంటి నుంచి పనిచేయించారు. ఇంటి గుంపు పనితీరు 13 శాతం పెరిగింది. ఈ అంకెను అందరూ చెప్తారు. దాని వెనకున్న షరతులు ఎవరూ చెప్పరు. ఆ ఉద్యోగులు కనీసం ఆరు నెలలుగా ఆ పనిలో ఉన్నవాళ్ళు. ఇంట్లో పని కోసం విడిగా ఒక గది ఉన్నవాళ్ళు. బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్ళు. పైగా వారానికి ఒక రోజు ఆఫీసుకు వచ్చేవాళ్ళు. ప్రయోగం అయిపోయాక నచ్చింది ఎంచుకోమంటే, ఇంటి గుంపులో దాదాపు సగం మంది ఆఫీసుకు తిరిగొచ్చేశారు. ఒంటరితనం అందులో ముఖ్యమైన కారణం. ఇంకొకటి, ఒకే పనితీరు ఉన్నవాళ్ళను పోల్చి చూస్తే ఇంటి నుంచి చేసినవాళ్ళకు ప్రమోషన్ అవకాశం తగ్గింది. కళ్ళకు కనబడనిది మనసుకు దూరం అని మన పెద్దలు అన్నది ఇందుకే కాబోలు.

రెండోది 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. ఈసారి 1612 మంది. ఇంజనీర్లు, మార్కెటింగ్, ఫైనాన్స్ ఉద్యోగులు. కొందరికి వారంలో రెండు రోజులు ఇంటి నుంచి చేసే వీలిచ్చారు, మిగతావాళ్ళు ఐదు రోజులూ వచ్చారు. ఉద్యోగం మానేసేవాళ్ళు హైబ్రిడ్ గుంపులో మూడో వంతు తగ్గారు. రెండేళ్ళ పాటు చూసినా పనితీరులో, ప్రమోషన్లలో తేడా రాలేదు. ముఖ్యంగా ఆడవాళ్ళు, దూరం నుంచి వచ్చేవాళ్ళు మానేయడం బాగా తగ్గింది.

రెండు ప్రయోగాలనూ కలిపి చదివితే ఒక మాట అర్థమవుతుంది. ఇంటికి పూర్తిగా మారిపోతే మనిషి కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది. వారానికి రెండు రోజులైతే ఆ ప్రమాదం దాదాపు లేదు, ఊపిరి పీల్చుకునే వీలూ దొరుకుతుంది.

మరి హైబ్రిడ్డే గెలిచిందా?

నగరంలో పుట్టినవాళ్ళకు చాలా వరకు అవుననే అంటాను. మనలాంటి ఊళ్ళ వాళ్ళకు అంత తేలిక కాదు. వైజాగ్ నుంచి నర్సీపట్నం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి కేడీపేటకు ఇంకో బస్సు. కాంప్లెక్స్‌లో ఎదురుచూపులతో కలిపి ఇంటి గుమ్మం చేరేసరికి మూడున్నర గంటల పైమాటే. రోజూ తిరగడం కుదరదు కాబట్టి వైజాగ్‌లో గది తీసుకున్నాను. అంటే ఆఫీసుకు వెళ్ళే మూడు రోజుల కోసం నెలంతా అద్దె. ఇంటి నుంచి చేసే రెండు రోజులు కూడా ఎక్కువసార్లు ఆ గది నుంచే చేస్తాను. అప్పుడది ఇల్లూ కాదు, ఆఫీసూ కాదు. హైబ్రిడ్ అసలు సుఖం ఆఫీసుకు దగ్గర్లో సొంత మనుషులు ఉన్నవాళ్ళది.

అయినా నేను దీన్నే ఎంచుకున్నాను. మా టీమ్‌లో ఆఫీసు రోజులు మంగళ, బుధ, గురువారాలు. ఊరికి వెళ్ళినప్పుడు నాలుగు రాత్రులు కలిసొచ్చేలా సర్దుకోవచ్చు. గురువారం రాత్రి బయల్దేరితే సోమవారం సాయంత్రం దాకా అమ్మ దగ్గర. నెలకు రెండుసార్లు ఇలా వెళ్తాను. శుక్ర, సోమవారాల పని మా డాబా మెట్ల మలుపులోంచే. ఆఫీసు రోజులు వారం మధ్యలో వరసగా ఉండటం వల్లే ఇది సాధ్యమైంది. అవే సోమ, బుధ, శుక్రవారాలైతే నా హైబ్రిడ్ పేరుకే మిగిలేది. ఎన్ని రోజులు అనేదానికంటే ఏ రోజులు అనేది ముఖ్యం అని అందుకే మొదట్లో చెప్పాను.

మూడు ఖాతాల లెక్క

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గళ్ళు గీయండి.

మొదటిది సమయం. ప్రయాణం, వంట, రాత్రి మీటింగులు, అన్నీ గంటల్లో రాయండి. ఇంటి నుంచి చేస్తే ప్రయాణం మిగులుతుంది గానీ ఇంటి పని ఎంత పెరుగుతుందో నిజాయితీగా రాయాలి.

రెండోది నేర్పు. వచ్చే ఏడాదిలో నేను ఎవరి దగ్గర ఏం నేర్చుకోవాలి? పేరు రాయగలిగితే, ఆ మనిషి ఆఫీసుకు వస్తాడా లేదా అని కనుక్కోండి. ఆ మనిషి బెంగళూరులో ఉండి మీరు హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని వీడియో కాల్ చేసేటట్టయితే, మీ ప్రయాణమంతా వృథా. ఇలాంటి ఆఫీసులు చాలా ఉన్నాయి. మనిషి మాత్రం రావాలి, పని మాత్రం తెర మీదే.

మూడోది మనుషులు. ఇంట్లో మన అవసరం ఉన్నవాళ్ళు ఎవరు? మనకు అవసరమైనవాళ్ళు ఎవరు? ఈ రెండో ప్రశ్న మరిచిపోతాం. ఊళ్ళో మన ఈడు వాళ్ళందరూ ఉద్యోగాలకు వెళ్ళిపోయాక, అమ్మానాన్నల మధ్య ఉంటూ కూడా మాట్లాడే తోడు లేక కుంగిపోయిన వాళ్ళున్నారు. నగరంలో హాస్టల్ గదిలో నలుగురి మధ్య ఉండి అలాగే అయినవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు ఏ గడి ఎక్కువ ఖాళీగా ఉందో చూడండి. ఆ గడిని నింపే చోటును ఎంచుకోండి. నా సలహా అడిగితే, ఉద్యోగంలో మొదటి రెండేళ్ళు ఎక్కువ మందికి ఖాళీగా ఉండేది నేర్పు గడి. వీలైతే ఆ రెండేళ్ళు ఆఫీసుకు వెళ్ళండి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, చంటిబిడ్డ ఉంటే, అప్పు నెత్తిమీద ఉంటే లెక్క మారిపోతుంది, అప్పుడు సంకోచం లేకుండా ఇల్లే మేలు. ఏడాదికోసారి, పుట్టినరోజు నాడో ఉగాదికో, ఆ కాగితం మళ్ళీ గీయండి. గళ్ళు మారతాయి.

ఏది ఎంచుకున్నా, పనికి ఒక ముగింపు పెట్టుకోవడం మన చేతుల్లోనే ఉంది. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, యాభైమందికి పైబడిన కంపెనీలు పనివేళల తర్వాత ఫోన్లు, మెయిళ్ళ గురించి ఉద్యోగుల ప్రతినిధులతో చర్చించాలని చట్టం ఉంది. మనకు అలాంటిది లేదు. కాబట్టి చిన్న అలవాట్లే దిక్కు. నేను ఊళ్ళో ఉన్నప్పుడు ఆ రోజు మీటింగుల వేళలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపుకు అంటిస్తాను. పని అయిపోగానే లాప్‌టాప్ బీరువాలో పెట్టి, రోడ్డు దాకా నడిచి వస్తాను. ఆ నడకే నా ఇంటికి తిరుగు ప్రయాణం.

షరతులు అడగడం మనకు కొత్త కాదు

మా ఊరు గురించి ఒక మాట. 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు, ఆయన అనుచరులు మా కృష్ణదేవిపేట పోలీస్ స్టేషన్ మీద దాడి చేసి ఆయుధాలు తీసుకెళ్ళారు. ముందురోజు చింతపల్లి, తర్వాతి రోజు రాజవొమ్మంగి. ఆ తిరుగుబాటుకు కారణాల్లో అడవి మీద ఆంక్షలతో పాటు పని షరతులూ ఉన్నాయి. కొండల్లో రోడ్లు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో చాలీచాలని కూలికి బలవంతంగా పనిచేయించాడు. ఆ మనుషుల కష్టంతో మన ఏసీ గదుల ఇబ్బందిని పోల్చడం తప్పు, నేను పోల్చడం లేదు. ఎవరు, ఎక్కడ, ఎంతసేపు, ఎంతకు పనిచేయాలి అన్నది అడగదగ్గ ప్రశ్నే అని మాత్రం ఆ సమాధి ఉన్న ఊరిదాన్నిగా చెప్పగలను. ఆఫర్ లెటర్ చేతిలో పట్టుకుని, "పనిచేసే చోటు ఇందులో రాసి ఉందా? మారిస్తే ఎన్ని రోజుల ముందు చెప్తారు? ఆఫీసు రోజులు ఏవి? మా టీమ్ ఎక్కడ ఉంటుంది?" అని మర్యాదగా నాలుగు ప్రశ్నలు అడగడానికి భయపడొద్దు.

దూరం కూడా కొంచెం కొంచెం తగ్గుతోంది. 2023 అక్టోబర్‌లో వైజాగ్‌లో ఇన్ఫోసిస్ ఆఫీసు మొదలైంది. 2025లో టీసీఎస్‌కు రుషికొండలో 21.16 ఎకరాలు 99 పైసలకు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. మన సీనియర్లు హైదరాబాద్, బెంగళూరు తప్ప వేరే దారి ఎరగరు. మీకు ఒక రాత్రి ప్రయాణం తగ్గుతుంది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ముఖ్యంగా మహిళల కోసం ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున తెస్తామని, నగరాల్లో, పట్టణాల్లో, మండలాల్లో ఐటీ ఆఫీసు స్థలాలు కట్టేవాళ్ళకు ప్రోత్సాహకాలు ఇస్తామని చెప్పారు. ఇల్లు, ఆఫీసు, హైబ్రిడ్ అని మూడే దారులు లెక్కపెట్టాం గానీ నాలుగోది ఇదే, ఇంటికి దగ్గర్లో ఆఫీసు. నర్సీపట్నంలో ఒక గది, పోని కరెంటు, ఆగని ఇంటర్నెట్, వేర్వేరు కంపెనీల వాళ్ళైనా పక్కపక్కన నలుగురు మనుషులు. పొద్దున బస్సెక్కి సాయంత్రం దిగుతాం కాబట్టి మా వీధి పెద్దలకు కూడా అది ఉద్యోగంలాగే కనిపిస్తుంది!

అది వచ్చేదాకా కాగితం మీద మూడు గళ్ళు గీసుకోవడం మన పని. ప్యాకేజీ ఎంత అని అడగండి, తప్పులేదు. దాంతో పాటు ఆ జీతం సంపాదించే రోజు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా అడగండి. సందేహాలుంటే మెసేజ్ పెట్టండి, రాత్రి మీటింగ్ అయ్యాక జవాబిస్తాను.